ముందు గుర్రం తల దించనివ్వండి, సూది సంగతి తర్వాత

హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసిన ఆడగుర్రం ఒకటి, పొద్దున్నే బెంగళూరులోని ఒక లాయం ముందు వ్యాన్ దిగింది. దిగీదిగగానే ముక్కు నేలకు ఆనేదాకా తల దించింది. చిక్కటి చీమిడి తీగలా సాగి మట్టిలో రాలింది. ‘జలుబు చేసినట్టుంది’ అన్నారెవరో. ఐదు నిమిషాలు కాకముందే కడగాలంటూ దాని తల పైకి లాగి, గోడకున్న రింగుకు పొట్టిగా కట్టేశారు.

మూడో రోజు అది దాణా ముట్టలేదు. కడుపునొప్పి అనుకున్నారు. ముందుకాళ్ల మోచేతులు బయటికి తిప్పి, అడుగు తీసి అడుగు వేయలేక నిలబడిపోయింది. డాక్టర్ వచ్చి స్కానింగ్ చేస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. అనంతపురం నుంచి వచ్చి ఇక్కడే గుర్రాల మధ్య ముసలివాడైన సైస్ (గుర్రాల బాగోగులు చూసే మనిషి) నాతో అన్నారు: “నెమ్ము చేసింది సార్. ఇక్కడ కాదు, వ్యాన్‌లోనే చేసింది.”

నెమ్ము అంటే న్యుమోనియా. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గుర్రం రోజులో ఎక్కువ సేపు తల దించి మేసే జంతువు. శ్వాసనాళంలో చేరే దుమ్మూ కళ్లె బయటికి జారిపోవాలంటే ఆ తల కిందికి ఉండాలి. వ్యాన్‌లో చేసినట్టు పైకి కట్టేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే. గొంతులో మామూలుగా ఏ హానీ చేయకుండా ఉండే స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్ లాంటి సూక్ష్మజీవులు కిందికి దిగి పెరుగుతాయి. అంటే ఈ జబ్బు పక్క గుర్రం నుంచి అంటుకుని తీరాలని లేదు. తన గొంతులోదే తన ఊపిరితిత్తిలోకి దిగుతుంది. ఆస్ట్రేలియాలో ఆరోగ్యంగా ఉన్న గుర్రాలను వ్యాన్ ఎక్కించకుండా, ఉన్నచోటే తల పైకి కట్టి చూశారు. 6 నుంచి 12 గంటల్లోనే శ్వాసనాళంలో బ్యాక్టీరియా పెరిగిపోయింది. తల వదిలేశాక 8 నుంచి 12 గంటల్లో చాలావరకు శుభ్రపడింది. దీనికి తోడు వ్యాన్‌లో మూత్రం నుంచి లేచే అమ్మోనియా, ముక్కు ఎదురుగానే వేలాడే గడ్డివల దుమ్ము, దారంతా సరిగా నీళ్లు తాగకపోవడం.

2025లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు తరలించిన 57 గుర్రాల సంగతి అందరూ చదివిందే. కొన్ని చనిపోయాయి, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్లింది. ఆ చావులకు కారణం నేను తేల్చబోవడం లేదు. నా బాధ వేరే. గుర్రాలు ఎవరివి, ఎందుకు తరలించారు అని అన్నాళ్లు మాట్లాడుకున్నాం. దారిలో వాటిని ఎలా నిలబెట్టారు, ఎక్కడ ఆపారు అని అడిగినవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

తలకు కట్టిన తాడు వదులు చేస్తే గుర్రాలు ఒకదాన్నొకటి కరుచుకుంటాయని, హైవే మీద బండిలోంచి దించితే బెదిరి పారిపోతాయని రవాణా చేసేవాళ్లు అంటారు. వాళ్ల భయం ఉత్తది కాదు. కానీ బండిలోంచి దించమని ఎవరూ అడగడం లేదు. బెంగళూరు నుంచి హైదరాబాద్‌కు దాదాపు 570 కిలోమీటర్లు. అనంతపురం దగ్గర ఒకసారి, కర్నూలు దగ్గర ఒకసారి, జడ్చర్ల దగ్గర మరోసారి బండి నీడలో ఆపి, మధ్యలో గట్టి అడ్డు ఉంచి, తాడు వదులు చేసి, తడిపిన గడ్డి కింద వేసి, నీళ్లు చూపిస్తే చాలు. చేరాక ఆ రాత్రంతా తల స్వేచ్ఛగా వదిలేయాలి. మూడు రోజులు రెండు పూటలా థర్మామీటర్ పెట్టాలి. 101.5 ఫారెన్‌హీట్ దాటితే డాక్టర్‌ను పిలవాలి, కడుపునొప్పి మందుతో సరిపెట్టకూడదు.

ఇంత సులువైన పని ఎందుకు జరగడం లేదు? బయల్దేరే ముందు ఒక యాంటీబయాటిక్ సూది వేసేశాం కదా, ఇక టెన్షన్ లేదు అనుకుంటున్నాం కాబట్టి. ముందుజాగ్రత్తగా పెన్సిలిన్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో అది నమ్మదగ్గ రక్షణ ఇవ్వలేదు. తల పైకి కట్టి ఉన్నంతసేపూ గొంతులోంచి సరఫరా ఆగదు. మందు అనేది, కారిపోతున్న కుళాయి కింద పెట్టిన బకెట్ లాంటిది, కుళాయి కట్టేది మాత్రం కాదు.

నన్ను కలవరపెట్టేది ఈ సూది మీది నమ్మకమే. అది గుర్రాలతో ఆగలేదు. వైరల్ జ్వరానికి కూడా ‘ఒక సూది వేయండి డాక్టర్‌గారూ’ అని మనమే అడుగుతాం. చెరువులో రొయ్యలను కిక్కిరిసేలా పెంచి మందులు కలుపుతాం. మందుల అవశేషాలున్నాయని సరుకు తిరిగొస్తే లబోదిబోమంటాం. కోళ్లకు జాగా తగ్గించి దాణాలో మందు పెంచాం. ఆఖరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు, ఆక్వాకు వాడకుండా 2019లో కేంద్రం నిషేధించాల్సి వచ్చింది. జాగా ఇవ్వాల్సిన చోట, శుభ్రమైన గాలి ఇవ్వాల్సిన చోట, గంట విశ్రాంతి ఇవ్వాల్సిన చోట సూది పెడుతున్నాం. ఆ సూది నిజంగా అవసరమైన రోజున పనిచేయకపోతే ఆ ఆడగుర్రానికీ దిక్కుండదు, పక్క ఆస్పత్రి ఐసీయూలో న్యుమోనియాతో ఉన్న పెద్దాయనకూ దిక్కుండదు.

ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉందని డాక్టర్ ధ్రువపత్రం కావాలని 1978 నాటి జంతు రవాణా నియమాలు చెబుతున్నాయి. అది బండి ఎక్కే ముందు సంగతి. రేసు క్లబ్బులు తమ గేటు దగ్గర రెండో కాగితం అడగాలి: ఏ ఊరి దగ్గర, ఎన్ని గంటలకు ఆపారు, ఎంతసేపు తల దించనిచ్చారు, దిగినప్పుడు ఒంటి వేడి ఎంత. దాని మీద డ్రైవర్‌తో పాటు బండిలో వచ్చిన సైస్ సంతకం ఉండాలి. దారంతా ఆ గుర్రం ఊపిరి విన్నది ఆయనే.