ఎక్కని రైలు చూస్తే ఏమొస్తుంది?

ఈ ప్రశ్న నన్ను అడగని బంధువు లేరు. తిరుపతిలో ఉంటూ శని, ఆదివారాల్లో రేణిగుంట వెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చుంటానంటే కొందరు జాలిపడతారు. ఇంకొందరు అమ్మను పక్కకు పిలిచి, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా అని ఆరా తీస్తారు. మా బాబాయి మాత్రం నేరుగానే అడుగుతారు: "ఆ సమయంలో ఏదైనా కోర్సు నేర్చుకోవచ్చు కదమ్మా?" ఆయన ఆదివారం చీకటితోనే లేచి అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కుతారు. మంచిదే. దర్శనం సంగతి ఒక్క ముక్కా చెప్పకుండా, ఎన్ని అడుగులు వేశారో, ఎన్ని కేలరీలు కరిగాయో ఫోను తెర ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెడతారు. దాంతో నాకు చిరాకు మొదలవుతుంది.

ఏమీ రాదు బాబాయ్. జీతం పెరగదు, సర్టిఫికెట్ రాదు, నడుము సన్నబడదు. వారంలో ఐదు రోజులు నేను చేసే ప్రతి పనికీ ఎవరో ఒకరు ఫలితం అడుగుతూనే ఉంటారు. మిగిలిన రెండు రోజులకు కూడా లెక్క అప్పజెప్పాలా?

రేణిగుంటే ఎందుకంటే, ముంబయి–చెన్నై ప్రధాన మార్గమూ, గూడూరు నుంచి తిరుపతి, పాకాల మీదుగా కాట్పాడి వెళ్లే మార్గమూ కలిసేది అక్కడే. ప్లాట్‌ఫారం టికెట్ పది రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. అయిపోతే ఇంకొకటి కొనుక్కుంటాను. ఇంత చవకైన వినోదం మన ఊళ్లో ఇంకెక్కడ ఉందో చూపించండి. ఉన్న ఇబ్బంది ఒక్కటే. ఆడమనిషి ఒంటరిగా బెంచీ మీద కూర్చుంటే పక్కన ఉన్నవాళ్లు ఊరుకోలేరు. "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అని అడుగుతారు. "గూడ్సు కోసం" అంటే నవ్వుతారు. నేను నిజమే చెబుతున్నాను.

అందరూ ఫోన్లు పైకెత్తేది వందే భారత్ వచ్చినప్పుడు. సికింద్రాబాద్–తిరుపతి బండి 2023 ఏప్రిల్‌లో మొదలైంది, రేణిగుంట మీదుగా తిరిగే ఇంకో బండి అదే ఏడాది సెప్టెంబరులో చెన్నై–విజయవాడ మధ్య మొదలైంది. అందంగానే ఉంటాయి, కాదనను. అయితే నాలాంటివాళ్లకు అందులో చదువుకోవడానికి ఏముంది? దానికి విడిగా ఇంజనే ఉండదు. మామూలు రైలైతే ఇంజను ఒంటి మీద దాని బాగోగులు చూసే షెడ్డు పేరు రాసి ఉంటుంది. లాలాగూడ, ఈరోడ్, రాయపురం, అరక్కోణం... పేరు చదివితే అది ఏ ఊరి బిడ్డో తెలిసిపోతుంది. పెట్టె మీద ఐదంకెల నంబరు ఉంటే మొదటి రెండంకెలు అది తయారైన ఏడాది. నీలం రంగు పాత రకం పెట్టెల తయారీని పెరంబూరు ఫ్యాక్టరీ 2018 జనవరిలో ఆపేసింది. వాటి బదులు వస్తున్న ఎర్రటి ఎల్‌హెచ్‌బీ రకం పెట్టెలు భద్రమైనవి, వేగానికి తట్టుకుంటాయి. ఆ నీలం పెట్టెలు తరిగిపోతుంటే నాకు బాధగా ఉన్న మాటా నిజమే. అందుకే నీలం పెట్టెల బండి వస్తే నంబర్లన్నీ చదవందే కదలను.

గూడ్సు బండి ఇంకా గొప్ప. ఎర్రగుంట్ల వైపు నుంచి సిమెంటు మోసుకొచ్చే మూత వ్యాగన్లు ఎంతకీ తరగవు. ఒకప్పుడు కృష్ణపట్నం రేవు బొగ్గు కూడా ఇటు తిరిగే వెళ్లేది. 2019లో వెంకటాచలం–ఓబులవారిపల్లె లైను తెరిచాక ఆ చుట్టు తిరుగుడు తప్పింది. కొండ కింద ఆరు కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వి మరీ తప్పించారు. దేశానికి లాభం, నాకు నష్టం. వచ్చిన గూడ్సునైనా చివరిదాకా చూడాలి. ఆఖరి వ్యాగన్‌కు వేలాడే ఎల్‌వీ (లాస్ట్ వెహికిల్) పలక కనిపిస్తేనే బండి మధ్యలో తెగకుండా మొత్తం వచ్చినట్టు. అది చూడటం స్టేషన్ సిబ్బందికి ఉద్యోగం. నాకు ఎవరూ అప్పజెప్పని ఉద్యోగం. ఇంజను దాటగానే ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. పసుపు గీత దాటి నిలబడి వీడియోలు తీసేవాళ్ల సంగతి సరేసరి, వాళ్లకు రైల్వే పోలీసుల భాషే అర్థమవుతుంది.

ఇంటికి చేరేసరికి అమ్మ, "మీ రైళ్లు అన్నం పెట్టలేదా?" అంటుంది. అంటూనే వేడి రాగి సంగటిలో గుంట చేసి నాటుకోడి పులుసు పోస్తుంది. శనివారం మాంసం ముట్టని ఇల్లు మాది, కాబట్టి ఇది ఆదివారం మాట. శనివారమైతే సంగటిలోకి వేరుశెనగల ఊరుబిండి, పైన నెయ్యి. తిన్నాక ఫ్యాను కింద పడుకోవడం. దీని గురించి ఎక్కువ రాయను, రాస్తే నిద్రొస్తుంది.

సాయంత్రం బొరుగుల్లో ఉల్లిపాయ, కారం కలుపుకుని క్రికెట్ మ్యాచ్. ఇక్కడా అదే గొడవ. "ఐదు నిమిషాల్లో ముఖ్యమైన ముక్కలన్నీ వచ్చేస్తాయి, ఇంతసేపు కూర్చోవడం ఎందుకు?" 2025 నవంబరు 2న మహిళల ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందా? వాన వల్ల ఆట ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. ఆ ముక్కల్లో షెఫాలి 87 పరుగులు ఉంటాయి, దీప్తి ఐదు వికెట్లు ఉంటాయి, అమన్‌జోత్ తడబడి తడబడి చివరికి పట్టిన దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ క్యాచ్ ఉంటుంది. మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి బౌలింగ్‌లో అయితే ఆమె తీసిన ఒక్క వికెట్టే ఉంటుంది. బంతి బంతికీ ఆమె ఏ చోట వేసిందో, బ్యాటర్ ముందుకొచ్చినప్పుడు వేగం ఎలా మార్చిందో కూర్చుని చూసినవాళ్లకే దక్కింది. ఆ టోర్నీలో ఆమె తీసిన 14 వికెట్లూ అలా కాచుకుని సంపాదించినవే. గూడ్సును ఆఖరి వ్యాగన్ దాకా చూసే ఓపిక లేనివాళ్లకు ఆ ఓవర్లు విసుగనిపిస్తాయి. వాళ్ల కోసం ఆటను కత్తిరించి పెట్టేవాళ్లు ఉన్నారు. నన్ను వదిలేయండి.

ఇక మ్యాచ్ నడుస్తుండగా మెసేజిలు పంపే స్నేహితులకు ఒక మాట. మా ఇంటి టీవీలో ప్రసారం మీ ఇంటికంటే కొన్ని క్షణాలు ఆలస్యం. బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకముందే "అవుట్!" అని మీరు పంపితే నేను చూడటానికి ఏం మిగిలింది? వచ్చే మ్యాచ్‌కు ఫోను బియ్యం డబ్బా మీద పెట్టి వంటింటి తలుపు వేసేస్తున్నాను. ప్రాణం మీదికొస్తే అమ్మకు ఫోన్ చేయండి.