గ్రూప్ ప్రాజెక్ట్ గారికి, ఐదుగురి తరఫున ఒకడు రాయునది

గ్రూప్ ప్రాజెక్ట్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, నేనిక్కడ క్షేమం, మీరు కూడా క్షేమంగానే ఉండుంటారు, మీకేం, సెమిస్టర్ మారగానే కొత్త బ్యాచ్ దొరుకుతుంది.

అసలు ఈ లెటర్ మా టీమ్ ఐదుగురం కలిసి రాయాలనుకున్నాం. అంటే నేననుకున్నా. పాత చాట్ గ్రూప్ తవ్వి తీసి మెసేజ్ పెడితే ఇద్దరు బొటనవేలు గుర్తు కొట్టారు, ఒకడు "సూపర్ రా, నువ్వు స్టార్ట్ చెయ్, నేను చివర్లో ఓసారి చూస్తా" అన్నాడు, ఇంకొకడు మెసేజ్ చూడనే లేదు. కాబట్టి రాసేది నేనొక్కణ్ణే, కింద పేర్లు మాత్రం ఐదుంటాయి. అంతా మీ పెంపకమే.

మీరు మా క్లాసుకి మొదటిసారి వచ్చిన రోజు నాకింకా గుర్తుంది. "ఇండస్ట్రీలో అందరూ టీమ్‌లోనే పనిచేస్తారు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోండి" అని అటెండెన్స్ వరసలో ఐదేసి మందిని కట్ట కట్టేశారు. మొదటి మీటింగ్ రెండు గంటలూ టీమ్ పేరు, లోగో, ఆ లోగోలో నీలం ఎంత ముదురుండాలి అన్నదానికే సరిపోయింది, ఏం కడతామో అప్పటికి ఎవరికీ తెలీదు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. తర్వాత పని పంచుకున్నాం. ఒకమ్మాయి రిపోర్టూ పీపీటీ, ఒకడు "రీసెర్చ్", ఒకడు "కోఆర్డినేషన్" (అదేంటో ఇప్పటికీ అడగలేదు), కోడ్ మేమిద్దరం. ఇంకేముంది, టీమ్ వర్క్ అయిపోయింది, ఎవరి ముక్క వాళ్ళు పట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోయాం.

మధ్యలో నాతో కోడ్ రాసే ఆ రెండోవాడికీ నాకూ మాటల్లేకుండా పోయాయి. కారణం చిన్నదే, డేటాబేస్‌లో తేదీ ఎలా రాయాలన్న దగ్గర మొదలైంది. ఓ నెల మాట్లాడుకోలేదు. చివరికి మా ప్రాజెక్టులో రెండు లాగిన్ పేజీలు వచ్చాయి, ఒకదాంట్లో అకౌంట్ తెరిస్తే రెండోదాంట్లో పనిచెయ్యదు. 1968లో మెల్విన్ కాన్వే అనే ఆయన ఒక మాట రాశాడట, ఒక సంస్థ తయారుచేసే సిస్టమ్ ఆ సంస్థలో మనుషులు ఎలా మాట్లాడుకుంటారో ఆ ఆకారంలోనే వస్తుందని. జాబ్‌లో చేరాక ఇది చదివి నవ్వాగలేదు, మా ఇద్దరి గొడవకి ఒక లా ఉందన్నమాట. మీరు ఆ రోజు ఈ ఒక్కటి చెప్పుంటే బాగుండేది కదండీ, మీరేమో "టూ లాగిన్స్, గుడ్ సెక్యూరిటీ" అని రెండు మార్కులు ఎక్కువేశారు.

ఇక ఆఖరి రాత్రి సంగతి. జిప్ ఫైళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఫైనల్, ఫైనల్ రెండు, ఫైనల్ లాస్ట్, ఫైనల్ లాస్ట్ ఇదే నిజం. కోడ్‌లో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్ అనేది 2005 నుంచి ఉంది, మీ సిలబస్ గుమ్మం దగ్గరే నిలబడుంది పాపం, లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. మేమే యూట్యూబ్ చూసి పెట్టుకున్నాం, అందరం ఒకే మెయిన్ బ్రాంచ్‌లోకి తోసేవాళ్ళం, తెల్లారుజామున కోఆర్డినేషన్ గారు ఏదో ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వచ్చిందని ఇంటర్నెట్‌లో దొరికిన ఫోర్స్ పుష్ కమాండ్ కొట్టాడు, అంటే అక్కడున్న మా పని తీసేసి తన కాపీ పెట్టేశాడు, రెండ్రోజుల పని గోవిందా. అలా పోయినదాన్ని రెఫ్‌లాగ్‌లో, అంటే గిట్ మన కంప్యూటర్‌లోనే రాసుకునే చిట్టాలో వెతికి తెచ్చుకోవచ్చని మాకు తెలిసేసరికి డిగ్రీ చేతికొచ్చేసింది.

డెడ్‌లైన్ వారం ఉందనగా మీరు చేసిన సాయం కూడా మర్చిపోలేదు. వేరే టీమ్ విడిపోయిందని ఆరో మనిషిని మాకిచ్చారు, "ఇంకో చెయ్యి కలిస్తే త్వరగా అయిపోతుంది" అని. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పేశాడు, ఆయన ఐబీఎంలో ఓఎస్ 360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ లాంటి కొండని మోసి చెప్పిన మాట అది. లెక్క కూడా చిన్నదే, ఐదుగురుంటే మాట్లాడుకోవాల్సిన జతలు పది, ఆరుగురైతే పదిహేను. ఆ పదిహేనులో ఒక జత అప్పటికే మాట్లాడుకోవట్లేదాయె. కొత్తాయనకి రెండు లాగిన్‌లు ఎందుకున్నాయో చెప్పడానికే మాకు రెండ్రోజులు పట్టింది.

మార్కులు? అందరికీ ఒకటే. రాత్రంతా కూర్చుని రిపోర్ట్ మూడుసార్లు తిరగరాసిన అమ్మాయికీ, డెమో రోజు మాత్రం ఇస్త్రీ చొక్కాతో వచ్చిన రీసెర్చ్ గారికీ ఒకటే నంబరు. పీర్ ఎవాల్యుయేషన్ ఫారం ఇచ్చారు కాదనను, కానీ అది క్లాసులో పక్కపక్కనే కూర్చోబెట్టి నింపించారు, ఎవడు ఎవడికి తక్కువేస్తాడు, అందరికీ పదికి పది, అందరూ శ్రీవైష్ణవులే బుట్టలో చేపలన్నీ మాయం. అన్యాయం అని నేనిప్పుడు గట్టిగా అరవచ్చు గానీ, తర్వాతి సెమిస్టర్ ఇంకో సబ్జెక్టులో ఆ రీసెర్చ్ గారి పోస్టు నాదే. నిజంగా రీసెర్చ్ చేద్దామనే అనుకున్నా, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇందులో మా బద్ధకం ఎంత, మీ పద్ధతి ఎంత అని చాలాకాలం ఆలోచించా. మాక్స్ రింగెల్‌మన్ అని ఫ్రాన్స్‌లో ఒక వ్యవసాయ ఇంజనీర్ మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు, 1913లో అచ్చైంది, ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కడి వాటా వాడు ఒంటరిగా లాగేదాంట్లో దాదాపు సగానికి పడిపోయిందట. 1979లో అమెరికాలో లటానే అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు ఇదే పనిని చప్పట్లతో, అరుపులతో చేసి చూశారు, కళ్ళకి గంతలు కట్టి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, పక్కన జనం ఉన్నారని నమ్మించి ఒక్కణ్ణే అరవమన్నా వాడు తగ్గించే అరిచాడు. నాకు నచ్చింది మాత్రం వాళ్ళే రెండేళ్ళ తర్వాత చేసింది, ఎవరు ఎంత అరుస్తున్నారో విడివిడిగా తెలుస్తుందని చెప్పగానే ఆ తగ్గడం కాస్తా పోయింది. అంతేనండీ! తిట్టక్కర్లేదు, మోటివేషన్ స్పీచ్ అక్కర్లేదు, ఎవడి గొంతు ఎంతో వినబడితే చాలు. మీరేమో ఐదు గొంతులూ కలిపి ఒక స్పైరల్ బైండింగ్‌లో కుట్టించి తీసుకున్నారు.

ఇంకో విషయం, కోపం తెచ్చుకోకండి. మీకు టీమ్ బేస్డ్ లెర్నింగ్ అని ఒక పెద్దాయన బంధువని చెప్పుకుంటారు కదా, ఆయన గురించి ఎంక్వయిరీ చేశా. 1970ల చివర్లో ఓక్లహామా యూనివర్సిటీలో లారీ మైకెల్సన్ అనే ప్రొఫెసర్, క్లాసు పెద్దదైపోయినా లెక్చర్ దంచకుండా ఎలా చెప్పాలా అని మొదలుపెట్టిన పద్ధతి. అందులో ముందు అందరూ చదువుకుని రావాలి, వచ్చీ రాగానే ఒక్కొక్కరికీ విడిగా టెస్ట్, అది ఇచ్చేశాక అదే టెస్ట్ మళ్ళీ టీమ్‌గా, కార్డు గీకితే అక్కడికక్కడే తప్పో ఒప్పో తేలిపోతుంది. తర్వాత అన్ని టీమ్‌లకీ ఒకే సమస్య, అందరూ ఒకేసారి జవాబు పైకెత్తాలి, పక్క టీమ్‌ని చూసి మార్చుకోడానికి లేదు. ఇదంతా క్లాసులోనే. ఇంటికెళ్ళి తలో ముక్క రాసుకొచ్చే టర్మ్ పేపర్ లాంటిది ఇవ్వొద్దనే ఆ పద్ధతివాళ్ళు చెప్తారు, ఇస్తే ముక్కలు పంచేసుకుంటారని వాళ్ళకి ముందే తెలుసు. అంటే మీరు ఆయన బంధువు కాదు సార్, ఆయన ఇంటిపేరు పెట్టుకుని తిరుగుతున్నారు.

అయితే రుణం లేదని అనను. ఇంటర్వ్యూలో "టీమ్‌లో గొడవ వస్తే ఎలా హ్యాండిల్ చేశారు" అని అడిగినప్పుడు మా లాగిన్ కథే చెప్పా, నేను ఓపిగ్గా ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించినట్టు. జాబ్ వచ్చింది. తర్వాత తెలిసిందేంటంటే మిగతా నలుగురూ వాళ్ళ ఇంటర్వ్యూల్లో అదే కథ చెప్పారు, అందులో ఓపిగ్గా కూర్చోబెట్టింది వాళ్ళే. ఒకే గొడవ, ఐదు ఆఫర్ లెటర్లు. ప్లేస్‌మెంట్ కింద మీరు రాసుకోవచ్చు.

కానీ జాబ్‌లో మొదటి వారం నా కోడ్‌కి రివ్యూలో పదిహేడు కామెంట్లు వచ్చాయి, ఒకావిడ పెట్టింది, కోపం ఏమీ లేదు, "ఈ లైన్ ఎందుకు?" అని అడిగిందంతే. నాకు చెమటలు పట్టాయి. అన్ని సెమిస్టర్లు టీమ్‌లో ఉండి కూడా నేను రాసిన లైన్‌ని ఇంకో మనిషి చదవడం అదే మొదటిసారి. పొద్దున టీమంతా కలిసే పావుగంట స్టాండప్ మీటింగ్‌లో "నేను ఇక్కడ ఇరుక్కుపోయా" అని నోరు తెరిచి చెప్పడానికి మూడు నెలలు పట్టింది, మీ దగ్గర అలా చెప్తే "కోఆర్డినేట్ చేసుకోండి" అనేవారు మరి.

అందుకే ఒక్క కోరిక. వైవాలో ఎవడి కోడ్ వాణ్ణి అడక్కండి, పక్కవాడి కోడ్ చూపించి ఇదేంటి, ఎందుకిలా రాశాడు అని అడగండి. ఒక్కసారి అడిగి చూడండి, రెండో లాగిన్ పేజీ ఆ వారంలోనే మాయమైపోతుంది, మాటల్లేనివాళ్ళు కూడా ఫోన్లు చేసుకుంటారు.

లెటర్ పూర్తయింది, గ్రూప్‌లో పెట్టా. చివర్లో చూస్తానన్నవాడు చూశాడు, ఒక కామా మార్చాడు. రిపోర్ట్ రాసిన అమ్మాయి మూడు తప్పులు పట్టింది, అవి దిద్దా.

ఇట్లు,
మీ పాత బ్యాచ్ టీమ్ నంబర్ ఏడు, ఐదుగురం

తాజా కలం: మెసేజ్ చూడనివాడు ఇప్పుడే ఆన్‌లైన్‌లోకి వచ్చాడు. "చదవలేదు గానీ బాగుంది రా, నా పేరు మొదట పెట్టావ్ కదా" అంటున్నాడు.