ఆ నిలువు గీతని ఏమంటారండీ?

ఫోన్‌లో ఎవరికైనా ఒక కంప్యూటర్ కమాండ్ చెప్పి టైప్ చేయించాల్సి వచ్చిందంటే చాలు, నాకు బీపీ పెరుగుతుంది. "పైప్ కొట్టండి" అంటే అదెక్కడుందంటారు, ఎంటర్ పైన ఉండే నిలువు గీత (|) అంటే చిన్న ఎల్ కొడతారు, పాపం వాళ్ల తప్పేం లేదు, చాలా ఫాంట్లలో రెండూ కవలల్లాగే ఉంటాయి. ఒకటి అంకె పక్కన నక్కి ఉండే బ్యాక్‌టిక్ (`) సంగతి మరీ ఘోరం. అందరూ దాన్ని సింగిల్ కోట్ అనుకుంటారు, కోడ్ మాత్రం ఒప్పుకోదు! షిఫ్ట్‌తో కలిపి అదే కీ నొక్కితే టిల్డె (~), లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అదేమో మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌కి గుర్తు. ఇక # కి హ్యాష్, పౌండ్, నంబర్ సైన్, ఆక్టోథార్ప్ (ఎవడు పెట్టాడో గానీ) అని ఇన్ని పేర్లు చాలవన్నట్టు, 2007లో ట్విట్టర్ జనం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఉత్త గుర్తుని కూడా హ్యాష్‌ట్యాగ్ అంటున్నారు. విండోస్ ఫోల్డర్లకి వెనక్కి వాలిన స్లాష్, వెబ్ అడ్రస్‌కి ముందుకు వాలింది, ఎటు వాలిందో వివరించేసరికి అవతలివాళ్లకి ఓపిక అయిపోతుంది. ఇంత గోల పడి గుర్తులన్నీ నేర్చుకుంటే, పాస్‌వర్డ్‌లో స్పెషల్ క్యారెక్టర్ తప్పనిసరి అనే సైట్లు టిల్డె కొట్టగానే "ఇది చెల్లదు" అంటాయి. ఏది చెల్లుతుందో ముందే చెప్పి చావొచ్చుగా!