సవరణ: నాణెం మీది దేవుని మాట

అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4 సందర్భంగా రాసినదానిలో, ‘దేవునియందే మా నమ్మకం’ అన్నది అమెరికా స్థాపకులు 1776లోనే ఎంచుకున్న జాతీయ నినాదం అన్నాను. అది తప్పు. ఆరాధన ముగిశాక ఎవరో ఫోనులో పంపిన సందేశాన్ని సరిచూడకుండా నమ్మాను.

అమెరికా ఖజానా శాఖ చెప్పే చరిత్ర ప్రకారం, ఆ మాట మొదట కనిపించింది అంతర్యుద్ధ కాలంలో, 1864 నాటి రెండు సెంట్ల నాణెం మీద. జాతీయ నినాదమైంది 1956లో, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో. 1782 నాటి అమెరికా అధికార ముద్ర మీద ఉన్నది ‘అనేకుల నుంచి ఒక్కటి’ అన్న లాటిన్ మాట. (అమెరికా జెండాకు విధేయత చెప్పే పతాక ప్రతిజ్ఞలోకి దేవుని పేరు వచ్చింది కూడా 1954లోనే. 1892లో దాన్ని రాసిన బాప్టిస్టు బోధకుడు సోషలిస్టు! నాకిది కాస్త మింగుడుపడలేదు.)

బడి గోడల మీద ఆ నినాదం ఉండాలన్న నా అభిప్రాయం మాత్రం మారలేదు.