సెలవు జీవోకి ప్రోగ్రామర్ సంతకం ఏదీ?

ప్రోగ్రామర్లకు సెలవులు తెలియవని ఈమధ్య ఓ అపవాదు బయల్దేరింది. శని, ఆదివారాలు సెలవు, తక్కినవన్నీ పనిదినాలు అని రెండు లైన్ల కోడ్‌లో తేల్చేసిన మేధావిని అనాల్సిన మాటేనా ఇది? తప్పంతా ఆ రెండు లైన్లకూ లొంగని దేశానిది.

2015 సెప్టెంబరు నుంచి బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవు. మిగతా శనివారాలు పని. సరే, మనవాడు ఓర్చుకుని ఒక ‘ఇఫ్’ (‘ఫలానా అయితే ఇలా చెయ్యి’ అనే షరతు) తగిలించాడు. ఇంతలో బోనాలొచ్చాయి. హైదరాబాదులో ప్రభుత్వ సెలవు, విజయవాడలో మామూలు సోమవారం. ‘ఐదు పనిదినాల్లో చెల్లించాలి’ అన్న ఒకే బిల్లుకి రెండు ఊళ్లలో రెండు గడువులు! ఇంకో ‘ఇఫ్’.

2024లో తెలంగాణ ప్రభుత్వం జనవరి 1న సెలవిచ్చి, బదులుగా ఫిబ్రవరి రెండో శనివారం పనిచేయమంది. అదే జనవరిలో స్టాక్ మార్కెట్ 20వ తేదీ శనివారం రోజంతా నడిచి, 22 సోమవారం మూతపడింది. ఆ మాట చెప్పింది ఎప్పుడయ్యా అంటే, 19న. శుక్రవారం సాయంత్రం కోడ్ మార్చకూడదన్న మా కులాచారం ఏం కావాలి? 2025 మార్చి 31న రంజాన్ సెలవే గానీ, ఆర్థిక సంవత్సరం చివరి రోజు కాబట్టి ప్రభుత్వ లావాదేవీలు చూసే బ్యాంకులు తెరవమంది రిజర్వు బ్యాంకు.

పోనీ దేశం దాటితే సుఖమా? శుక్ర, శనివారాల వారాంతాన్ని యూఏఈ ప్రభుత్వం 2022 జనవరిలో శని, ఆదివారాలకు మార్చింది. మనవాడు ఆ ఒక్క లైనూ దిద్ది చేతులు దులుపుకున్నాడు. మర్నాడు 2021 నాటి జీతాల రిపోర్టు తీస్తే, ఆనాడు బుద్ధిగా ఆఫీసుకొచ్చిన ఆదివారాలన్నీ ఓవర్‌టైమ్‌గా తేలాయి. ఉద్యోగులు మాత్రం ఇందులో తప్పేమీ లేదన్నారు.

కొందరు ఛాందసులు సెలవుల్ని కోడ్‌లోంచి తీసి టేబుల్‌లో, అంటే విడిగా ఓ డేటా పట్టికలో, పెట్టమంటారు. ఊరికో క్యాలెండరట. ప్రతి నియమానికీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాయాలట. నెలవంక కనబడగానే హెచ్చార్ అమ్మాయి తనే తేదీ మార్చుకుంటుందట, ప్రోగ్రామర్‌ని లేపకుండానే. వినడానికి బాగానే ఉంది. మరి ఏటా డిసెంబరులో వచ్చే ఏడాది పండగలన్నీ తన స్వహస్తాలతో కోడ్‌లో టైపు చేసి, టెస్టింగుకిచ్చి, అర్ధరాత్రి రిలీజ్ చేసే సీనియర్ ఇంజినీరు అప్రైజల్‌లో ఏం రాసుకోవాలి?