పై పొరకు పన్ను

హనుమకొండ చౌరస్తాలో సంచుల దుకాణానికి వెళ్లి దిగుమతి సరుకు చూపించమని అడగండి. వాటిలో ఒకటైనా ఇలా ఉంటుంది: ఒళ్లంతా మందపాటి నూలు కాన్వాసు, మూతగా తోలు ముక్క, అడుగున రెగ్జిన్, పిడికి ఇత్తడి రింగులు. కొనేవారికి అది ఒక సంచి. కస్టమ్స్ అధికారికి మాత్రం అది మూడు సంచుల పంచాయితీ. నూలు సంచి అనుకుంటే ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, 5 శాతం. తోలు అనుకున్నా, ప్లాస్టిక్ అనుకున్నా 18 శాతం. నా మాట ముందే చెప్పేస్తాను: ఒకే పనికి వాడే వస్తువును పై పొర చూసి విడదీసి, తలా ఒక రేటు కట్టే పద్ధతి తప్పు. దానికి మరమ్మతులు చాలవు. ఎత్తివేయాలి.

గత ఏడాదులలో జీఎస్టీలో జరిగిన మార్పులు పాఠకులకు తెలిసినవే. 2017 నవంబర్‌లో చేతిసంచులు 28 శాతం నుంచి 18కి దిగాయి. నూలు, జనపనార సంచులు వేరుగా 12లో ఉండేవి. 2025 సెప్టెంబర్ 22న ఆ 12 శాతం శ్లాబే పోయింది, అవి 5కు చేరాయి. సామాన్యుడికి ఊరట అన్నారు, కాదనను. కానీ ఇందులో ఎవరూ పెద్దగా మాట్లాడని సంగతి ఒకటుంది. నూలు సంచికీ తోలు సంచికీ మధ్య అంతకుముందు తేడా 6 పాయింట్లు. ఇప్పుడు 13. అంటే తన సంచిని నూలు సంచి అనిపించుకోవాలన్న దిగుమతిదారు ఆశ, కాదనిపించాలన్న అధికారి పట్టుదల, రెండూ రెట్టింపు దాటాయి. సరళీకరణ పేరుతో చేసిన పని తగాదాకు ఎరువు వేసింది.

ఇక ఆ తగాదా ఎలా తేలుతుందో చూడండి. సరుకులను అంకెలతో వర్గీకరించే కస్టమ్స్ పట్టికలో ఇలాంటి చేతిసంచులన్నీ 4202 అనే శీర్షిక కిందికి వస్తాయి, అక్కడ పేచీ లేదు. పేచీ ఆ తర్వాతి అంకెల దగ్గర. వెలుపలి పొర తోలు అయితే 4202 21. ప్లాస్టిక్ రేకు లేదా బట్ట అయితే 4202 22. మన పట్టిక ఆ రెండోదాన్ని మళ్లీ చీల్చి ప్లాస్టిక్‌కు 10, నూలుకు 20, జనపనారకు 30, ఏ గదిలోనూ పట్టనివాటికి 90 అని ఇచ్చింది. లోపల ఏముందో, ఎవరు కుట్టారో, ఎన్నేళ్లు మన్నుతుందో అనవసరం. కంటికి కనిపించే పై పొర ఏమిటన్నదే ప్రశ్న. ఈ పట్టికకు బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ రాసిన వివరణలో ఒక ముచ్చట ఉంది. తోలు మీద కాపాడటానికి వేసిన సన్నని ప్లాస్టిక్ పూత, సాధారణంగా 0.15 మిల్లీమీటర్ల లోపుది, కంటికి కనిపించకపోతే అది తోలే. వెనుక నూలు గుడ్డ ఉన్నా ముందు పూత కనిపిస్తే, మన రెగ్జిన్ లాగా, అది ప్లాస్టిక్. చట్టం చేతిలో చర్మం మందం కొలిచే పరికరం పెట్టి, దాన్ని న్యాయం అంటున్నాం.

పై పొర సగం సగం అయితే? అప్పుడు సంచికి ప్రధాన స్వభావం ఇచ్చేది ఏదో తేల్చాలి. విస్తీర్ణమా, ధరా, చూపుకు ముందు తగిలేదా? దీని మీద ఎన్ని గంటలైనా వాదించవచ్చు, ప్లీడర్లు వాదిస్తూనే ఉన్నారు. అదీ తేలకపోతే చివరి సూత్రం ఒకటి ఉంది: పోటీపడే సంఖ్యల్లో ఏది ఆఖరున వస్తే అదే. నిజంగా ఇంతే. ఈ సూత్రాన్ని మన రేట్ల మీద పెట్టి చూస్తే నాకు నవ్వు ఆగలేదు. సగం తోలు, సగం నూలు ఉన్న సంచి లెక్క తేలకపోతే ఆఖరి సంఖ్య నూలుది కాబట్టి 5 శాతం. సగం నూలు, సగం పాలియెస్టర్ ఉన్న చవక సంచి లెక్క తేలకపోతే ఆఖరి సంఖ్య 90 కాబట్టి 18 శాతం. తోలు కలిసినందుకు తగ్గింది, పాలియెస్టర్ కలిసినందుకు పెరిగింది. ఏ మంత్రీ, ఏ మండలీ ఇలా కావాలని కోరుకోలేదు. అంకెలు పేర్చిన వరుస ఆ పని చేసింది.

ఇది మన ఒక్కరి దౌర్భాగ్యం కాదు. అమెరికా పట్టిక ఇంకా సిగ్గు విడిచింది. ఇటీవలి అదనపు వడ్డింపులను పక్కన పెట్టి మామూలు రేట్లే చూడండి. మొసలి, పాము వంటి సరీసృపాల తోలుతో చేసిన చేతిసంచికి 5.3 శాతం. ఇతర తోలు సంచి ధర 20 డాలర్లు దాటితే 9 శాతం, దాటకపోతే 10. ప్లాస్టిక్ రేకు సంచికి 16. నైలాన్, పాలియెస్టర్ సంచికి 17.6. కిందికి దిగేకొద్దీ భారం పెరిగే మెట్లు ఇవి. మొసలి తోలు సంచి భుజాన వేసుకునే మహారాణి కంటే, బస్సులో నిలబడి ఆఫీసుకు వెళ్లే ఉద్యోగిని మూడింతలకు మించిన రేటు కడుతుంది. పై పొరను బట్టి పన్ను అంటే చివరికి మనిషి హోదాను బట్టి పన్నే, అదీ తలకిందులుగా.

అధికారుల వైపు వాదన లేకపోలేదు. పై పొర కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది, రేవులో నిలబడి నిమిషంలో తేల్చవచ్చు. ధరను బట్టి పన్ను అంటే తప్పుడు ఇన్వాయిసులు వరద కడతాయి. నూలుకు, జనపనారకు రాయితీ ఇవ్వడం రైతుకూ నేతకూ మేలు. ఈ మాటల్లో మొదటిది నిమిషంలో తేలుతుందన్న చోటే కూలిపోతుంది, తేలేదే అయితే ఇన్ని సూత్రాలు ఎందుకు? రెండోదానికి జవాబు: అన్ని చేతిసంచులకూ ఒకే రేటు పెట్టండి, ధరతోనూ పని లేదు, పొరతోనూ పని లేదు. మూడోదానికి వరంగల్‌లోనే జవాబు ఉంది.

కొత్తవాడ జంపఖానాల గురించి ఈ జిల్లాలో ఎవరికీ పరిచయం అక్కర్లేదు. షత్రంజీ అన్నా, దర్రీ అన్నా అదే. 2018లో వరంగల్ దర్రీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేలమీద పరిచినంతసేపు అది పట్టికలో 57వ అధ్యాయం, తివాచీల జాతి. అదే గుడ్డను కత్తిరించి సంచి కుట్టండి, 42వ అధ్యాయంలోకి, తోలు వస్తువుల ఇంటికి వలస పోతుంది. నూలే కాబట్టి 5 శాతం, ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు నగరంలోని కొనుగోలుదారు ముందు భాగమంతా తోలు వేసి, వెనుక జంపఖానా ఉంచమంటాడు. ఆ నిమిషాన నేతగాడి సంచి తోలు సంచి కావచ్చు, 18 శాతం పడవచ్చు. రాయితీ నేతకు మేలు అన్నారే, నేతగాడు మార్కెట్టు అడిగిన అడుగు వేయగానే ఆ మేలు జారిపోయింది.

హస్తకళల కింద తప్పించుకోవచ్చు కదా అంటారు. హస్తకళా చేతిసంచులు చాలావాటికి 5 శాతమే, నిజం. కానీ 2018 జూలైలో జీఎస్టీ నోటిఫికేషన్ ఇచ్చిన నిర్వచనం చదవండి. ప్రధానంగా చేత్తో చేసినది కావాలి, చెప్పుకోదగ్గ అలంకరణ ఉండాలి, యంత్రంతో చేసినదానికి స్పష్టంగా వేరుగా కనిపించాలి. జంపఖానా అందం దాని చారల్లో ఉంది, పడుగు పేకల బిగువులో ఉంది. చార అలంకరణా, నేతా? మగ్గం మీద కూర్చున్నవారికి ఈ ప్రశ్నే అర్థం కాదు. దానికి జవాబు చెప్పే అధికారం మాత్రం వారికి లేదు.

అసలు నా కోపం ఇక్కడ ఉంది. వస్తువుకు పేరు పెట్టే అధికారం ఎవరిది? 1961లో తమలపాకు కూరగాయా కాదా అన్న తగాదా సుప్రీంకోర్టుకు వెళ్లింది. నిఘంటువులు, వృక్షశాస్త్రం పక్కన పెట్టి, జనం రోజువారీ మాటలో కూరగాయ అంటే ఏమనుకుంటారో అదే అర్థమని కోర్టు తేల్చింది, తమలపాకు కూరగాయ కాదంది. ఏ అమ్మమ్మను అడిగినా ఆ మాటే చెప్పేది. జనం మాటకు చట్టంలో విలువ ఉందని అంత పెద్ద కోర్టు చెప్పిన దేశంలో, జంపఖానా సంచి ఏమిటో కొత్తవాడను అడిగేవారు లేరు. 1851 లండన్ మహాప్రదర్శనకు వరంగల్ తివాచీ వెళ్లింది. అప్పుడు దానికి ఊరిపేరే గుర్తింపు. ఇప్పుడు ఎనిమిది అంకెలు కావాలి, ఆ అంకెల వెనుక ఉన్న సూత్రాలు నాకు తెలుగులో కనిపించలేదు.

అనుమానం ఉంటే అడ్వాన్స్ రూలింగ్, అంటే సరుకు ఏ సంఖ్య కిందికి వస్తుందో ముందే తేల్చే అధికారిక నిర్ణయం, అడగవచ్చంటారు. కస్టమ్స్ రూలింగ్ ఇచ్చే అధికారులు ఢిల్లీలో, ముంబయిలో ఉంటారు. ఇచ్చిన రూలింగ్ దరఖాస్తు చేసినవారికే వర్తిస్తుంది, అదే సంచి తెప్పించే పక్క దుకాణానికి కాదు. పెద్ద బ్రాండ్లకు ఇది సరిపోతుంది, వాటికి కొలిచి మరీ సంచి రూపొందించేవారు ఉన్నారు. ఏడాదికి నాలుగు పెట్టెల సరుకు తెప్పించే హనుమకొండ వ్యాపారి ఏం చేస్తాడు? 18 శాతం కట్టి ఊరుకుంటాడు, ఆ భారాన్ని మన మీద వేస్తాడు. లేదా 5 అని చూపి, నోటీసు రాకూడదని భద్రకాళికి మొక్కుకుంటాడు.

పోయిన నెల కొత్తవాడలో ఎరుపు, నలుపు చారల జంపఖానా సంచి ఒకటి కొన్నాను, మూత తోలుది. బిల్లు మీద 4202 అని నాలుగు అంకెలు. టర్నోవరు 5 కోట్ల లోపు ఉన్నవారు నాలుగు అంకెలు రాస్తే చాలని నిబంధన. రేటు తేలాలంటే మాత్రం ఎనిమిది కావాలి. మిగిలిన నాలుగూ ఏమిటని దుకాణదారుణ్ని అడిగాను. సంచిని తిప్పి ముందు చూశాడు, వెనుక చూశాడు, మూత ఎత్తి లోపల కూడా చూశాడు. తర్వాత 5 శాతం వేసి చిల్లర ఇచ్చాడు.