జాగ్రత్త పెట్టిన కార్డు

మా అమ్మ ఇంతవరకూ ఏ వస్తువూ పోగొట్టలేదు. జాగ్రత్త పెడుతుంది, అంతే. జాగ్రత్త పెట్టింది మళ్ళీ కంటపడకపోతే ఆ తప్పు వస్తువుదే గానీ ఆవిడది కాదు. నా పదో తరగతి మార్కుల లిస్టు అలాగే జాగ్రత్తలో ఉంది. గ్యాస్ బుక్కు, మా ఆవిడ వెండి కుంకుమ భరిణె, రెండేళ్ళ ఇంటి పన్ను రసీదులు, అన్నీ ఎక్కడో క్షేమంగానే ఉన్నాయి.

కాబట్టి ఆ ఒకటో తారీకు పొద్దున్నే అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి "రేషన్ కార్డు కనపడట్లేదేవిటే?" అనగానే మా ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"జాగ్రత్త పెట్టారా అత్తయ్యా?" అంది నెమ్మదిగా.

"పెట్టకుండా ఎలా ఉంటానూ?"

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇక ఆ కార్డుకి నీళ్ళు వదులుకోవాల్సిందే.

పాత కార్డయితే పోయేది కాదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పటి నుంచీ మా ఇంట్లో కార్డు ఉందని అమ్మ గర్వంగా చెబుతుంది. తర్వాత వచ్చిన తెల్ల కార్డు మీద ఇంటిల్లిపాదికీ కలిపి ఒక ఫోటో. అందులో నాన్న కళ్ళు మూసుకుని, నేను నోరు తెరుచుకుని. దొంగ ఎత్తుకెళ్ళినా ఆ ఫోటో చూసి జాలిపడి గుమ్మంలో పెట్టేసి పోయేవాడు. 2025 ఆగస్టు నుంచి మా ఆంధ్రాలో ఏటీఎం కార్డంత స్మార్ట్ కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. నున్నగా, మెరుస్తూ, మూల క్యూఆర్ కోడుతో చూడముచ్చటగా ఉంటుంది. దాని కొంప ముంచింది ఆ ముచ్చటే. చిన్నదీ మెరిసేదీ చేతికిస్తే మా అమ్మ దాచకుండా ఉండలేదు.

నాది జిరాక్స్ కొట్టు. మా పేటలో సగం మంది కార్డులకి లామినేషన్ చేసింది నేనే. అలాంటి నా ఇంట్లోనే కార్డు పోవడమంటే వైద్యుడి ఇంట్లో విరేచనాల్లాంటిది, బయటికి చెప్పుకునే సంగతి కాదు. అయినా సాయంత్రానికల్లా వీధంతా తెలిసిపోయింది. అమ్మే చెప్పింది.

"ఎవడికో దొరికే ఉంటుందిరా. మన బియ్యం వాడు తింటాడు" అని ఆవిడ బెంగ.

"తినలేడమ్మా. షాపులో మిషను మీద వేలు పెట్టాలి కదా."

"వేలిదేముందిరా, అందరికీ ఉంటుంది."

పదేళ్ళుగా నెలనెలా ఈ-పాస్ మిషను మీద వేలు పెడుతున్న మనిషి అనాల్సిన మాటేనా ఇది? ఆ మిషను ఏదో మర్యాద కోసం తన వేలు అడుగుతోందని ఇన్నాళ్ళూ అనుకున్నట్టుంది. నిజానికి ఆ నెల బియ్యం కార్డు లేకుండానే తెచ్చుకున్నాం. డీలరు నంబరు కొట్టి మా ఆవిడని వేలు పెట్టమన్నాడు, పాతిక కిలోలు తూచాడు, అంతే. అయినా అమ్మకి నిద్ర పట్టలేదు. రాత్రి డాలస్‌లో ఉన్న మా బావకి వీడియో కాల్ చేయించింది. మా మేనత్త కొడుకు. అక్కడ ఒక పెట్రోలు బంకుని ఆనుకుని ఉన్న కొట్లో నైట్ డ్యూటీ చేస్తాడు. (ఊళ్ళో సాఫ్ట్‌వేర్ అని చెబుతాం. అది వేరే సంగతి.)

"అక్కడ రేషన్ కార్డు పోతే ఏం చేస్తారు అబ్బాయ్?"

అమ్మ ఇలాంటివి అడుగుతుందని బావకి అలవాటే. "ఇక్కడ పేదవాళ్ళకి స్నాప్ అని ఉంటుంది అత్తయ్యా. పూర్వం ఫుడ్ స్టాంపులనేవాళ్ళు. ఇప్పుడు ఈబీటీ కార్డు. నెలనెలా అందులో డబ్బులు పడతాయి. నాలుగంకెల పిన్ను కొట్టి సరుకులు కొనుక్కుంటారు. మా కొట్టుకీ వస్తారు."

"బియ్యం ఇవ్వరూ?"

"కావాలంటే కొనుక్కోవడమే. ఒకటి మాత్రం ఉంది, ఆ డబ్బుతో వేడివేడి కోడి కొనకూడదు. అదే కోడి చల్లారాక అయితే కొనచ్చు."

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "చల్లారేదాకా పక్కన నిలబడితే సరిపోతుందిగా."

ఇన్నేళ్ళుగా కౌంటర్లో నిలబడుతున్న బావకి ఆ ఉపాయం తట్టలేదట.

"సరే, కార్డు పోతే?"

"ఫోన్ చేస్తే పాత కార్డు పనిచెయ్యకుండా ఆపేసి కొత్తది పంపుతారు. అయితే కొందరు కార్డుని పిన్నుతో సహా సగం రేటుకి అమ్మేసుకుని, 'పోయింది మొర్రో' అని కొత్తది అడిగేవాళ్ళు. అందుకని ఏడాదిలో నాలుగోసారి పోయిందంటే ఇంటికి ఉత్తరం వస్తుంది, మీ లెక్క చూస్తున్నాం అని. కొన్ని రాష్ట్రాల్లో అయితే, ఇన్నిసార్లు ఎందుకు పోతోందో మాట్లాడి చెబితే గానీ కొత్తది చేతికివ్వరు." తర్వాత బావ కాస్త గొంతు తగ్గించాడు. "పాపం, నిజంగా పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ అత్తయ్యా. ఇల్లూ వాకిలీ లేక కార్డు జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళు. అసలు దొంగలకి కార్డుతో పనే లేదు. గీకే మిషనుకి తొడుగు తగిలించి నంబరూ పిన్నూ కాపీ కొట్టేస్తారు. చాలా కార్డులకి ఇంకా చిప్పు కూడా లేదు."

ఇంత చెబితే అమ్మ బుర్రలో ఒక్క ముక్కే నిలిచింది.

"ఏడాదికి నాలుగా! అయితే నాకింకా మూడున్నాయన్నమాట."

"అమ్మా, అది అమెరికా లెక్క."

"అంత పీనాసివాళ్ళే నాలుగు ఇస్తుంటే మనవాళ్ళు ఇవ్వరా?"

మర్నాడు సచివాలయానికి తీసుకెళ్ళాను. కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు మర్యాదస్తుడు. "ఎలా పోయింది మామ్మగారూ?" అనడిగాడు.

"పోలేదు నాయనా. జాగ్రత్త పెట్టాను."

"అలా రాయడానికి కాలమ్ లేదండీ."

"పోయిందని నేనెందుకు చెబుతాను? ఇంట్లోనే ఉంది."

ఇంట్లోనే ఉంటే కొత్తది ఎందుకని ఆ కుర్రాడు అడగబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. పోయిందని నేనే సంతకం పెట్టాను. మూడు వారాల్లో కొత్త కార్డు వచ్చింది. దాన్ని మా ఆవిడ అమ్మ చేతికి తగలనివ్వకుండా తీసుకుని తన పర్సులో పెట్టుకుంది.

పాత కార్డు ఆ తర్వాతి ఆదివారం దొరికింది.

ఇక్కడొక నిజం ఒప్పుకోవాలి. స్టోరు బియ్యం మేం రోజూ వండుకోం. ఇడ్లీకీ దోసెలకీ నానబోస్తాం, పిండి పట్టిస్తాం. మిగిలింది మూల డ్రమ్ములోకి పోతుంది. పైనుంచి తీస్తాం, పైనే పోస్తాం. ఆ డ్రమ్ము అడుగు చూసినవాళ్ళు మా ఇంట్లో లేరు. పురుగు పడుతోందని డాబా మీద పాత చీర పరిచి కుమ్మరిస్తే, అడుగు నుంచి ఒక పాలిథిన్ కవరు జారింది. కవర్లో నాలుగు ఎండు వేపాకులు, రెండు కర్పూరం బిళ్ళలు, పసుపు రాసిన గుడ్డ. గుడ్డ మడతల్లో స్మార్ట్ కార్డు. తరతరాలకీ పురుగు పట్టకుండా భద్రం చేసింది. వెంటనే మోచేతి దాకా చెయ్యి పెట్టి బియ్యమంతా తిరగేశాను, నా మార్కుల లిస్టు కూడా ఉందేమోనని. లేదు.

"చెప్పానా, ఇంట్లోనే ఉందని!" అంది అమ్మ. అని, కాసేపు బియ్యంలో వేళ్ళు ఆడిస్తూ ఊరుకుంది. అప్పుడే నేను అనుమానించాల్సింది.

మా పక్క అపార్టుమెంటు వాచ్‌మన్‌ది పాలకొండ వైపు. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వచ్చి మూడు నెలలయింది. బియ్యం బయట కొనుక్కుంటున్నారని అమ్మకి తెలుసు. మనకా ఇప్పుడు రెండు కార్డులు. ఒకదాంతో కోడలు తెచ్చుకుంటుంది, రెండోది ఊరికే పడి ఉండే బదులు ఆ పిల్లకిస్తే పుణ్యం. ఇందులో తప్పుందని ఆవిడకి తోచలేదు. రెండు బిందెలుంటే ఒకటి పక్కింటివాళ్ళకి ఇవ్వమా అన్నంత తేలిగ్గా ఇచ్చేసింది. పైగా ఒక సలహా కూడా ఇచ్చింది. "ఎవరైనా అడిగితే మా కోడలివని చెప్పు."

తర్వాతి నెల రెండో తారీకు పది గంటలకి నేను కొట్లో ఎవరివో పొలం కాగితాలు జిరాక్స్ తీస్తుంటే డీలరు దగ్గర్నుంచి ఫోన్.

"అర్జెంటుగా రండి. మీ ఇంటి మనిషి వచ్చింది."

"మా ఆవిడ వస్తానంది లెండి."

"ఆవిడ కూడా వచ్చారు."

ఆ 'కూడా' అన్న మాట నాకు దారంతా గుచ్చుకుంటూనే ఉంది.

వెళ్ళేసరికి షాపు ముందు పాతికమంది. మా ఆవిడ అప్పుడే బియ్యం తూపించుకుని, ఒక పక్కన కూర్చుని సంచి మూతి కడుతోంది. కౌంటర్ దగ్గర వాచ్‌మన్ భార్య, చంకలో చిన్నవాడు, చేతిలో మా పాత కార్డు. డీలరు దాన్ని స్కాన్ చేస్తే తెరమీద మా ఐదుగురి పేర్లూ వచ్చాయట. "నువ్వు ఎవరమ్మా వీళ్ళకి?" అంటే ఆ పిల్ల చెప్పమన్న మాటే గట్టిగా చెప్పింది, "మామ్మగారి కోడల్నండి" అని. మా అమ్మకి నేనొక్కణ్ణే కొడుకునని మా పేటలో తెలియనివాళ్ళు లేరు.

"ఎప్పుడండీ ఇది? మాకు శుభలేఖైనా లేదు" అన్నాడు డీలరు.

మా ఆవిడ తలెత్తలేదు. సంచి మూతికి ఇంకో ముడి వేసింది. ఆ ముడి వేసిన తీరు చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. చంకలో పిల్లాడు నన్ను చూసి నవ్వాడు. వాడు అందరినీ చూసి అలాగే నవ్వుతాడని తర్వాత తెలిసింది గానీ, ఆ నిమిషానికి నా పరువు సగం వాడే తీసేశాడు.

2024 నవంబరులో కాకినాడ రేవులో రేషన్ బియ్యం ఓడ గురించి పవన్ కల్యాణ్ 'సీజ్ ద షిప్' అన్నప్పటి నుంచీ మా కుర్రాళ్ళకి బియ్యం మాటెత్తితే చాలు, అదే పాట. క్యూలోంచి ఒకడు "సీజ్ ద కార్డ్!" అని అరిచాడు. ఇంకొకడు "ముందు ఆయన్ని సీజ్ చెయ్యండి" అన్నాడు, నన్ను చూపించి.

ఈలోగా అమ్మ రానే వచ్చింది. జరిగిందంతా విని, ఏ మాత్రం తొణక్కుండా "వేలేగా కావాల్సింది, నాది పెడతాను" అని చెయ్యి చాచింది. కత్తిపీట మీద అరవయ్యేళ్ళు కూరలు తరిగిన వేలు అది. చూపుడు వేలు పెట్టింది, మిషను ఒప్పుకోలేదు. కొంగుతో తుడిచి బొటనవేలు పెట్టింది, అదీ కాదంది. ఉంగరం వేలికి ఎట్టకేలకు ఒప్పుకుంది. ఒప్పుకుని, ఈ నెల సరుకు తీసేసుకున్నారు అని చూపించింది.

డీలరు మంచివాడు. కసురుకోలేదు. "మామ్మగారూ, మీరు పది కార్డులు వేయించుకోండి. రెండింట్లో ఉన్నదీ ఒకటే నంబరు. ఇందాక మీ అసలు కోడలు తీసుకోగానే ఈ నెలకి అయిపోయింది."

"మరి జనం మోసం ఎలా చేస్తున్నారు నాయనా? పేపర్లో రోజూ వేస్తున్నారుగా."

"కార్డు పోయిందని వచ్చేవాళ్ళు కాదండీ మోసం చేసేది. బుద్ధిగా సొంత కార్డుతో వస్తారు, సొంత వేలు పెడతారు, బియ్యం తీసుకుంటారు. ఆ మలుపులో ఆటోవాడికి కిలో పదికో పన్నెండుకో ఇచ్చేసి ఇంటికి పోతారు. దానికి ఏ మిషనేం చేస్తుంది?"

క్యూలో ఇద్దరికి ఒకేసారి దగ్గొచ్చింది. ఒకాయన ఫోన్ తీసి చెవిన పెట్టుకున్నాడు, అది మోగకుండానే. డ్రమ్ములో మూడు నెలల బియ్యం మూలుగుతున్న నేను కూడా గోడమీద ధరల బోర్డు చదవడం మొదలుపెట్టాను.

అప్పుడు డీలరు వాచ్‌మన్ భార్య వైపు తిరిగాడు. "అసలు నీకు కార్డు లేదా అమ్మా?"

"ఉన్నాదయ్యా. మా ఊర్ల ఉండిపోనాది."

"నంబరు తెలుసా?"

"ఫోన్ల ఫోటో ఉన్నాది."

"మరి వేలు పెట్టు."

ఆ పిల్ల నమ్మలేదు. రాష్ట్రంలో ఎక్కడి కార్డుకైనా ఏ షాపులోనైనా ఇస్తారనీ, 2019 ఆగస్టులోనే ఆంధ్రా కార్డుకి తెలంగాణలో, తెలంగాణ కార్డుకి ఆంధ్రాలో ఇవ్వడం మొదలెట్టారనీ డీలరు చెబుతుంటే, నాకే ఇప్పటిదాకా చెప్పలేదేమన్నట్టు చూసింది. నంబరు కొట్టాడు. మొదటి వేలికే మిషను ఒప్పేసుకుంది. నలుగురికి ఇరవై కిలోలు.

"పోయిన మూడు నెల్లదీ ఇస్తారా బాబూ?" అంది.

"అదెలా వస్తుందమ్మా!"

అమ్మ అందరి వంకా ఒకసారి కలయజూసింది. "చూశారా, నేను పంపబట్టే కదా దానికి బియ్యం వచ్చాయి" అని, వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇంటికెళ్ళాక మా ఆవిడకి మొత్తం కథ వివరించడానికి నాకు రెండు కాఫీలు, ఒక మధ్యాహ్నం పట్టాయి. పాతిక కిలోల సంచి నా భుజం మీదే వచ్చిందని వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం వాచ్‌మన్ భార్య మా గుమ్మంలోకి వచ్చింది. కొంగు ముడి విప్పి పాత కార్డు తీసి అమ్మ చేతిలో పెట్టింది.

"ఇది మీ కాడే దాసుకోండి మామ్మగారూ. మల్ల పోతే, ఈ ఏడుకి ఇంక మూడేనంట గదా."

అమ్మ కార్డు కళ్ళకద్దుకుని నా వైపు తిరిగింది. "ఒరేయ్, దొరికిన కార్డు కూడా లెక్కలోకి వస్తుందేమో, రాత్రికి డాలస్‌కి ఫోన్ చేసి కనుక్కో."